రెండు చివర్లనీ ఒకేసారి చూడాలి: ఉద్దానం ఇళ్లలో వీడియో కాల్ యాప్ పరీక్ష

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కొడుకో అల్లుడో బయటి ఊళ్లో లేని ఇల్లు తక్కువ. కొందరు కువైట్, సౌదీల్లో ఉంటారు, కొందరు హైదరాబాద్, చెన్నైల్లో. తీరంలోని మత్స్యకార గ్రామాల మగవాళ్లు వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. ఇంటి దగ్గర మిగిలేది తల్లీ తండ్రీ, కోడలు, పిల్లలు. వీళ్లకి వీడియో కాల్ కొత్తేమీ కాదు. అయినా మేం పరీక్షించిన యాప్ మొదటి ఇంట్లో, మొదటి పనిలోనే ఆగిపోయింది. ఫోన్ మోగింది, అమ్మ ఎత్తలేకపోయింది.

అంతకుముందు మొదటి విడతలో ఇదే యాప్ ఆఫీసు గదిలో అన్ని పనులూ గట్టెక్కింది. అక్కడ చూసింది ఒక మనిషిని, ఒక ఫోన్‌ని. కుటుంబాలు మాట్లాడుకునే యాప్‌ని వాడేది ఒక మనిషి కాదు, ఒక జంట: ఇక్కడ తల్లి, అక్కడ కొడుకు. ఒక చివర చేసిన తప్పు రెండో చివర కనిపిస్తుంది. అక్కడ నెట్ తగ్గితే ఇక్కడ తల్లి తన ఫోన్ పాడైందనుకుంటుంది. అందుకే రెండో విడతలో పద్ధతి మొత్తం మార్చి, రెండు చివర్లనీ ఒకే సమయంలో, వాళ్లు రోజూ మాట్లాడుకునే వేళకే చూశాం. ఆ విడత ఎలా జరిగింది, ఏం బయటపడింది, ఏది మార్చాం అన్నదే ఈ కేస్ స్టడీ.

ఎవరిని ఎంచుకున్నాం

ఐదుగురితో పరీక్షిస్తే 85 శాతం లోపాలు తెలుస్తాయని, వాడకం సులువుని పరీక్షించే రంగంలో పేరున్న యాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఈ రంగంలో అందరి నోటా ఉంటుంది. దాని వెనకున్న లెక్క 1993లో ఆయనా టామస్ లాండవర్ కలిసి ఇచ్చింది. ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయని, పరీక్షకి వచ్చేవాళ్లంతా ఇంచుమించు ఒకే తరహా వాళ్లని అందులో అనుకున్నారు. మా జంటలు ఒకే తరహావి కావు. గల్ఫ్‌లో గదికి నలుగురైదుగురు పంచుకునే వైఫై ఒక తరహా, హైదరాబాద్‌లో 4జీ ఇంకో తరహా, వెరావల్ రేవులో సిగ్నల్ మూడో తరహా. అందుకని గల్ఫ్ జంటలు మూడు, హైదరాబాద్ లేదా చెన్నై జంటలు మూడు, వెరావల్ జంటలు రెండు, మొత్తం ఎనిమిది తీసుకున్నాం. పద్ధతిని సరిచూసుకోవడానికి ముందుగా చేసిన ఒక ట్రయల్ జంట ఇందులో లేదు.

వెరావల్ జంటలకి కాలం చూసుకోవాలి. పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్తే మనిషి ఇంట్లోనే ఉంటాడు, పరీక్షించడానికి దూరమే ఉండదు. పడవ సముద్రంలో ఉన్నన్నాళ్లు మాటే అందదు. రేవుకి చేరిన రోజే సెషన్. కాబట్టి ఒక్కో వెరావల్ జంటకి పది రోజుల వ్యవధి ఉంచుకుని, కబురు అందగానే వెళ్లేలా సిద్ధంగా ఉండాలి.

దుబాయ్, అబుదాబి జంటలని కావాలనే వదిలేశాం. యూఏఈలో వాట్సాప్ కాల్స్ సహా చాలా యాప్‌ల ఇంటర్నెట్ కాల్స్ పనిచేయవు. అక్కడి వాళ్లు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. వీపీఎన్ (నెట్ అడ్డంకుల్ని దాటించే యాప్) పెట్టుకుని ప్రయత్నించమని పరీక్షకి వచ్చినవాళ్లకి ఎప్పుడూ చెప్పకూడదు. చట్టంతో చిక్కు వచ్చేది వాళ్లకి, మనకి కాదు.

ఎంపికలో అడిగే ప్రశ్నలు జాగ్రత్తగా రాసుకోవాలి. "స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చా?" అంటే అందరూ వచ్చుననే అంటారు, లేదంటే మనవడికి వచ్చునంటారు. మేం అడిగినవి ఇవి: కిందటిసారి వీడియో కాల్ వచ్చినప్పుడు ఎవరు ఎత్తారు? అప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది? రీఛార్జి ఎవరు చేయిస్తారు? ఈ మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, డేటా గురించి తరవాత తెలిసినదంతా దాని జవాబుల్లోనే దాగి ఉంది.

సెషన్ ఏర్పాటు

ఒక్కో సెషన్ గంటంబావు. వాళ్ల ఫోన్ మీదే చేయాలి. పగిలిన గాజు, రెక్జిన్ పర్సు కవరు, నిండిపోయిన స్టోరేజీ, అన్నీ పరీక్షలో భాగమే. కొత్త ఫోన్ చేతికిస్తే పాడవుతుందేమోనన్న భయంతో వేలు సరిగ్గా ఆనించరు. అత్యవసరానికని 2 జీబీ ర్యామ్ ఫోన్ ఒకటి, పవర్ బ్యాంకు ఒకటి వెంట ఉంచుకున్నాం.

రికార్డింగు దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఫోన్‌లోని స్క్రీన్ రికార్డర్ ఆన్ చేసి, అన్నీ వచ్చేశాయనుకుని ఇంటికెళ్లి చూస్తే బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. ఆండ్రాయిడ్ 10 నుంచి కాల్ యాప్ మైకు వాడుతున్నప్పుడు రెండో యాప్‌కి చాలాసార్లు నిశ్శబ్దమే అందుతుంది. కాబట్టి మాటకి వేరే రికార్డర్ పెట్టాలి. రెండు చివర్లా రెండు. గల్ఫ్ చివర గదిలోని ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టమని, తరవాత ఫైలు పంపమని చెప్పాం. మొదట్లో రెండు చివర్లవాళ్లూ ఫోన్ గడియారంలో సెకన్లతో సహా టైము పైకి చదివితే, రెండు ఫైళ్లనీ తరవాత కలిపి చూసుకోవచ్చు. ట్రయల్‌కని రెండు ఫోన్లూ ఒకే ఇంట్లో పెట్టి కాల్ కలిపితే కీచుమని హోరు వస్తుంది, మధ్యలో కనీసం ఒక ఇల్లయినా ఉండాలి.

అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకోలు గొంతుతో రికార్డు చేసుకున్నాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా నోటీసు సులువైన మాటల్లో, అడిగినవారికి వాళ్ల భాషలో ఉండాలంటుంది. ఒప్పుకోలు రెండు చివర్లా కావాలి. గల్ఫ్ గదిలో వెనక మంచం మీద పడుకున్నవాళ్లు కెమెరాలో పడకుండా ఫోన్‌ని గోడవైపు తిప్పించాలి. వాళ్లు దీనికి ఒప్పుకున్నవాళ్లు కారు.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. ఎదురుగా కూర్చుంటే పెద్దావిడ తెర చూడదు, మన మొహం చూస్తుంది. పక్కన, అర అడుగు వెనక్కి కూర్చోవాలి. రెండు చేతులా నోటుబుక్కు పట్టుకుంటే ఫోన్‌వైపు చెయ్యి పోదు. తడబడినప్పుడు మనసులో ముప్పై లెక్కపెట్టేదాకా నోరు విప్పకూడదు. ఆ ముప్పై సెకన్లు చాలా బరువుగా గడుస్తాయి. ఎక్కువ సంగతులు తెలిసేదీ అప్పుడే.

అనుకున్నదంతా పైకి చెబుతూ పని చేయమనే పద్ధతి ఇక్కడ నడవలేదు. ఒక్కరే ఉండి మాట్లాడటం వింతగా ఉంటుంది. ఆ అవసరం కూడా రాలేదు. అవతల కొడుకు ఉన్నాడు కదా. "అమ్మా, ఆ పచ్చది పైకి లాగు. పైకి... నొక్కడం కాదు" అని అతను ఇంకో ఫోన్‌లోంచి చెబుతూనే ఉంటాడు. "నొక్కతనే ఉన్నాన్రా బావూ, ఎత్తలేదిది" అని ఆమె అంటుంది. తల్లీకొడుకులు ఒకరికొకరు చెప్పుకునే ఈ మాటల్లోనే ఏ బొత్తాం ఎక్కడుండాలి, దాని పేరేమిటి అన్నది దొరుకుతుంది. వీటిని మాట పొల్లుపోకుండా రాసుకున్నాం.

మనవడి సంగతి వేరుగా చూడాలి. ఎనిమిదేళ్ల పిల్లాడు పక్కనుంటే ప్రతి పనీ నాలుగు సెకన్లలో అయిపోతుంది, పరీక్ష జరిగింది పిల్లాడికి. అలాగని పిల్లాడిని పూర్తిగా తీసేస్తే అది వాళ్ల ఇల్లు కాదు. అందుకని ప్రతి పనీ రెండుసార్లు: ముందు పిల్లాడు పక్కింట్లో ఉండగా, తరవాత అతనూ ఉండగా.

ఎత్తడం

కాల్ ఎత్తడానికి పచ్చ గుండ్రాన్ని పైకి లాగాలన్నది మా డిజైన్. జేబులో ఉన్నప్పుడు పొరపాటున ఎత్తకుండా ఉండాలని అలా పెట్టాం. ఇళ్లలో అందరూ దాన్ని నొక్కారు. నొక్కితే ఏమీ జరగదు, గుండ్రం కొంచెం ఎగిరి మళ్లీ కిందికి వస్తుంది. అది ఎగరడం "లాగండి" అని చెప్పడానికే. చూసినవాళ్లకి మాత్రం "సరిగ్గా తగల్లేదు, ఇంకా గట్టిగా నొక్కు" అన్నట్టు అనిపించింది. గట్టిగా నొక్కారు.

పలాసలో జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ల చేతుల్లో ఈ ఇబ్బంది ఇంకో మెట్టు పైకెళ్లింది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్లతరబడి పిక్కలు కొట్టిన వేళ్ల చివర చర్మం నల్లబడి, పొరలు లేచి, ఎండి గట్టిపడుతుంది. టచ్ స్క్రీన్ పనిచేసేది వేలి నుంచి అందే అతి చిన్న విద్యుత్ మార్పుతో. ఎండి గట్టిపడిన చర్మం దాన్ని సరిగ్గా అందనివ్వదు. స్పర్శ తెగి తెగి అందుతుంది. లాగడం మొదలయ్యాక మధ్యలో ఒక్క క్షణం స్పర్శ తెగితే యాప్ దాన్ని వదిలేసినట్టు లెక్కేసి గుండ్రాన్ని వెనక్కి పంపేస్తుంది. ఒకావిడ చూపుడువేలు వదిలేసి చిటికెన వేలితో ప్రయత్నించింది, పిక్క కొట్టేటప్పుడు ఆ వేలికి నూనె తక్కువ అంటుతుంది కాబట్టి. అది పనిచేసింది. వేలిముద్రతో ఫోన్ తెరవడం ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు.

రెండో లోపం కూడా అక్కడే దొరికింది. తగల్లేదేమోనని వేలు అలాగే పట్టి ఉంచితే, అర సెకను దాటగానే యాప్ దాన్ని లాంగ్ ప్రెస్‌గా తీసుకుని బొత్తాం పేరును చిన్న డబ్బాలో చూపించేది. వేలు తీసేసరికి పని జరిగేది కాదు. ఆ పేరు డబ్బా డిజైన్ లైబ్రరీలో ముందే ఉన్న ఏర్పాటు, ఎవరూ కావాలని పెట్టింది కాదు. ఎవరూ తీసెయ్యలేదు కూడా.

మార్పులు ఇవి. లాగడం తీసేసి నొక్కడం పెట్టాం. పచ్చ, ఎర్ర బొత్తాలు తెరకి రెండు అంచుల్లో ఉంటాయి, ఒక్కోటి 72 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), అంటే లెక్క ప్రకారం 11 మి.మీ. పైచిలుకు. ఆండ్రాయిడ్ సూచించే కనీసం 48 డీపీ. వేలు ఎంతసేపు పట్టి ఉంచినా, తీసిన క్షణాన పని జరుగుతుంది. మధ్యలో ఐదో వంతు సెకను లోపు స్పర్శ తెగితే దాన్ని తెగినట్టు లెక్కించదు. జేబులో పొరపాటున నొక్కుడు పడకుండా, సామీప్య సెన్సర్ (తెరకి దగ్గరగా ఏదైనా ఉంటే పసిగట్టేది) మూసి ఉన్నంతసేపు బొత్తాలు పనిచేయవు.

ఇక అసలు ఫోన్ మోగకపోవడం. ఇది ఆఫీసులో ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే అక్కడ యాప్ వేసిన ఐదు నిమిషాలకే కాల్ చేసి చూస్తారు. రాత్రంతా కదల్చకుండా వదిలేసిన ఫోన్‌కి పొద్దున్న కాల్ చేసి చూడాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇటీవల వాడిన యాప్‌ల జాబితాలోంచి మా యాప్‌ని పక్కకి తోసేస్తే అది బలవంతంగా ఆపినట్టే అవుతుంది. మళ్లీ తెరిచేదాకా దానికి ఏ కబురూ అందదు. ఫోన్ శుభ్రంగా ఉంచాలని అన్నిటినీ తోసేసే అలవాటు చాలా ఇళ్లలో కనిపించింది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి విడిగా అనుమతి కావాలి. మైకు, కెమెరాలకి "ఈసారికి మాత్రమే" అన్నది ఎంచుకుంటే, తరవాతి కాల్‌కి ఫోన్ మోగుతుండగానే మళ్లీ ఆ ప్రశ్న తెర మీదికొస్తుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దంటే ఇక అడగనే అడగదు. అందుకని అనుమతుల పనంతా యాప్ వేసిన రోజునే, కొడుకు కాల్‌లో ఉండగా, పరీక్ష కాల్ రూపంలో జరిగేలా మార్చాం. ఏదైనా అనుమతి లేకపోతే ఆ సంగతి కొడుకు తెర మీద కనిపిస్తుంది. సరిచేసేది సాధారణంగా అతనే కాబట్టి.

ఊ కొట్టడం

ఈ పరీక్షలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే.

తెలుగువాళ్లు మాట వింటున్నామని చెప్పడానికి ఊ కొడతారు. కథ వినే పిల్లాడి దగ్గర్నుంచి ఫోన్‌లో తల్లి దాకా ఇదే అలవాటు. అది లేకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు. మా యాప్‌లో కొడుకులు మాటకి మాటకి ఆగిపోయారు. "అమ్మా, ఉన్నావా?" అనేవాళ్లు. "ఉన్నాన్రా, చెప్పు" అని తల్లి. మళ్లీ రెండు వాక్యాలకి "ఇనిపిస్తందా?" నెట్ బాగానే ఉంది, బొమ్మ కదులుతోంది, అయినా ఇదే వరస. ఇంటి దగ్గరి రికార్డర్ వింటే తల్లి చక్కగా ఊ కొడుతూనే ఉంది. అవతలి రికార్డర్‌లో ఆ ఊలు లేవు.

కారణం యాప్‌లోని ఎకో తీసివేత. ఫోన్ లౌడ్‌స్పీకర్‌లో ఉన్నప్పుడు కొడుకు గొంతు స్పీకర్‌లోంచి వచ్చి మళ్లీ మైకులో పడుతుంది. అది తిరిగి అతనికే వినపడకుండా యాప్ దాన్ని తీసేస్తుంది. పూర్తిగా తీయలేనిది మిగిలితే, ఆ క్షణంలో మైకు మొత్తాన్నీ అణిచేస్తుంది. ఊ కొట్టేది సరిగ్గా అవతలివాడు మాట్లాడుతున్నప్పుడే. పైగా అది నోరు మూసుకుని ముక్కులోంచి తీసే చిన్న శబ్దం. కొడుకు మాట తాలూకు ఎకోతో పాటు అదీ కొట్టుకుపోతుంది. మిగిలిన కాస్తనీ ఫ్యాను హోరు అనుకుని శబ్దాల వడపోత తీసేస్తుంది. ఎదుటివాడి మాట అయ్యాక జవాబు చెప్పే అలవాటుని మనసులో పెట్టుకుని చేసిన అమరిక ఇది.

తేల్చుకోవడానికి ఒక చిన్న పని పెట్టాం. కొడుకుని రెండు నిమిషాలు ఏదో ఒకటి వివరంగా చెప్పమన్నాం, ఆ వారం గదిలో ఏం వండుకున్నారన్నది అందరికీ సులువుగా వచ్చింది. తల్లి మామూలుగా వినాలి. మూడుసార్లు: లౌడ్‌స్పీకర్ మీద, తీగ ఇయర్‌ఫోన్‌తో, లౌడ్‌స్పీకర్ మీదే వడపోత తీసేసి. ఇటు రికార్డులో ఎన్ని ఊలు, అటు ఎన్ని చేరాయి, కొడుకు ఎన్నిసార్లు "ఉన్నావా" అన్నాడు, ఈ మూడు లెక్కలూ రాసుకోవాలి. ఇయర్‌ఫోన్‌తో ఊలు చక్కగా చేరాయి, "ఉన్నావా" దాదాపు పోయింది. వడపోత తీసేస్తే కొంత మెరుగు. వాల్యూమ్ పూర్తిగా పెంచిన లౌడ్‌స్పీకర్ మీద అన్నిటికన్నా అధ్వానం. చిన్న స్పీకర్‌ని నిండా పెంచితే గొంతు బొంగురుపోతుంది, ఆ బొంగురు ఎకోని యాప్ పోల్చుకోలేక మరీ గట్టిగా అణిచేస్తుంది. చెవుడున్న పెద్దవాళ్లు వాల్యూమ్ ఎప్పుడూ నిండానే ఉంచుతారు.

సరిచేసింది ఇలా. స్పీకర్ శబ్దాన్ని బొంగురుపోని మట్టం దగ్గర ఆపాం. అణచడాన్ని మెత్తబరిచాం, కొంచెం ఎకో వినపడినా పరవాలేదనుకున్నాం. ఎకో తీసివేతకీ వడపోతకీ మధ్య గొంతు కదిలినట్టు తెలియగానే ఆ సంగతి మాటతో కాకుండా విడిగా, చిన్న డేటా కబురుగా పంపి, కొడుకు తెర మీద తల్లి బొమ్మ చుట్టూ సన్నని గీత వెలిగేలా చేశాం. అప్పటినుంచి "ఉన్నావా లెక్క" అన్నది ప్రతి విడుదలకీ చూసే కొలత అయింది.

ఆలస్యం గురించి ఒక మాట. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ సిఫారసు జి.114 ప్రకారం మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే మంచిది, 400 దాటకూడదు. ట్రయల్ జంటలో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగి, "చెప్పు", "కాదు, నువ్వు చెప్పు" అంటూ గడిపారు. యాప్‌లో కాల్‌ని నడిపే వెబ్‌ఆర్‌టీసీ గణాంకాలు చూస్తే మాట అమెరికాలోని రిలే సర్వర్ (మధ్యలో అందుకుని అవతలికి పంపే కంప్యూటర్) మీదుగా తిరిగి వస్తోంది. రిలేని ముంబైకి మార్చాక అది తగ్గింది. ఇది గంటలో అయిన పని. ఇళ్లకి వెళ్లకముందే చూసుకోవాల్సింది.

రాత్రి పదకొండున్నర

కువైట్, సౌదీల్లో గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ డ్యూటీ ముగించి, వంట చేసుకుని తొమ్మిదికి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ రాత్రి 11:30. మొదటి విడతని పగలు పదకొండింటికి పెట్టాం, అందరికీ వీలని. అప్పుడు నెట్ బాగుంది, డేటా నిండుగా ఉంది. రాత్రిపూట ఇళ్లలో సంగతి వేరు.

రోజుకి 1.5 జీబీ ప్యాక్. ఒకే ఫోన్. సాయంత్రం నుంచి పిల్లలు వీడియోలు చూస్తారు. మా యాప్ 360పి బొమ్మతో ఒక్కోవైపు సుమారు 500 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) వాడుతుంది, రెండువైపులా కలిపి నిమిషానికి 7.5 ఎంబీ, అరగంటకి 225 ఎంబీ. కొడుకు కాల్ చేసే వేళకి అంత మిగలదు. కోటా అయిపోతే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అర్ధరాత్రి దాటితే కొత్త కోటా వస్తుంది, అంటే వాళ్లు మాట్లాడుకునే అరగంట సరిగ్గా ఆ ఖాళీలో పడుతుంది. తల్లి దృష్టిలో అది "ఫోన్ మొరాయించడం".

64 కేబీపీఎస్‌లో బొమ్మ రాదు, మాట వస్తుంది. లెక్క చూడండి. మాటని కుదించి పంపే ఓపస్ కోడెక్‌లో మాటకి 24 కేబీపీఎస్ చాలు. 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ (మాట ముక్క) పంపితే సెకనుకి 50 ప్యాకెట్లు, ఒక్కోదానికీ తలకట్టు (ఎక్కడికి చేరాలో చెప్పే వివరాలు), భద్రత ముద్ర కలిపి 50 బైట్లు, అంటే ఇంకో 20 కేబీపీఎస్. మొత్తం 44. ఇరుకుగా సరిపోతుంది. 60 మిల్లీసెకన్ల ప్యాకెట్లయితే తలకట్టు ఖర్చు 7 కేబీపీఎస్ లోపే, మొత్తం 31. మా యాప్ చేస్తున్న తప్పేమిటంటే, వేగం తగ్గినా బొమ్మని పూర్తిగా ఆపకుండా సన్నని ధారగా పంపుతూ ఉండేది. ఆ ధారే మాటని ముంచింది.

ఇప్పుడు 80 కేబీపీఎస్ కన్నా తగ్గి ఐదు సెకన్లు నిలిస్తే బొమ్మ పూర్తిగా ఆగుతుంది, మాట 60 మిల్లీసెకన్ల ప్యాకెట్లకి మారుతుంది, రెండు తెరల మీదా "నెట్ తక్కువుంది, మాటే వస్తుంది" అని కనిపిస్తుంది. ఆ వాక్యం రెండు చివర్లా ఒకటే ఉండాలి. లేకపోతే ఎవరి ఫోన్ పాడైందన్న వాదన మొదలవుతుంది. ఆఫీసులో ఇదే పరిస్థితి కల్పించాలంటే లైనక్స్ ల్యాప్‌టాప్‌ని హాట్‌స్పాట్‌గా పెట్టి, నెట్‌ని కావాలని నెమ్మదింపజేసే నెటెమ్ అనే సాధనంతో వేగం 64 కేబీపీఎస్, ఆలస్యం 300 మిల్లీసెకన్లు, ఒడిదుడుకు 60, ప్యాకెట్ నష్టం 5 శాతం పెట్టి చూడొచ్చు. రాత్రి సెషన్ల అవసరం దానితో తీరదు. నిద్రమత్తు, చీకటి, గొంతు తగ్గించి మాట్లాడటం నెటెమ్‌లో ఉండవు.

పేర్లు, కట్ చేయడం

తెర మీద "అంగీకరించు", "తిరస్కరించు" అని ఉండేది. ఇళ్లలో ఆ మాటలు ఎవరూ అనలేదు. ఎత్తు, కట్ చెయ్యి. "పరిచయాలు" అన్నదాన్ని నంబర్లు అన్నారు. "మ్యూట్" అర్థమైన ఇంట్లో కూడా అది ఎవరిని ఆపుతుందో తెలియలేదు, తనకి వినపడదా, తన మాట వినపడదా అని. "నా మాట వినపడదు" అని నిండు వాక్యం రాశాం. తెర మీద చోటు ఎక్కువ పట్టింది, పట్టనిచ్చాం. కెమెరా తిప్పే బొత్తానికి "ఎదురున్నవి చూపించు" అని పెట్టాం. కొబ్బరి మొక్క ఎంత ఎదిగిందో, ఆవుకి పుట్టిన దూడ ఎలాగుందో చూపించడానికే దాన్ని వాడతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని పడగొట్టిన ఊళ్లలో, కొత్తగా వేసిన చెట్లని దూరాన ఉన్న కొడుక్కి చూపించడం కాల్‌లో పెద్ద భాగం.

కట్ చేయడం మేం తేలిక అనుకున్నది. బొమ్మకి అడ్డం రాకూడదని బొత్తాలన్నీ మూడు సెకన్లకి మాయమయ్యేవి. మాట అయ్యాక ఎర్రది కనపడక ఫోన్‌ని మంచం మీద పెట్టి వెళ్లిపోయారు. అవతల కొడుకు ఇంటి దూలాలు చూస్తూ, వంటింటి మాటలు వింటూ ఉన్నాడు. డేటా పోతుంది, గుట్టూ పోతుంది. ఎర్ర బొత్తం ఇప్పుడు ఎప్పుడూ కనిపిస్తుంది. ఫోన్ బోర్లా పెట్టి ఇరవై సెకన్లయితే కాల్ దానంతటదే ముగుస్తుంది, ముందు ఒకసారి మోగి చెబుతుంది. ముగ్గురు కలిసి మాట్లాడే కాల్ కూడా పరీక్షించాం గానీ, ఇద్దరి మధ్య సంగతులు తేలకముందే దాన్ని పెట్టడం తొందరపాటు. దాన్నుంచి వచ్చిన నోట్సు పక్కనపెట్టాం.

కొలవడం

జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన, వాడకం ఎంత సులువో కొలిచే ఎస్‌యూఎస్ పది ప్రశ్నలని తెలుగు చేసి వాడి చూశాం. అందులో ఒకటి విడిచి ఒకటి వ్యతిరేక వాక్యం. "ఈ యాప్ అనవసరంగా చిక్కుగా ఉంది" అన్నదానికి "ఒప్పుకోను" అనాలంటే పెద్దవాళ్లు ఇబ్బందిపడ్డారు, ఎదురుచెప్పినట్టు ఉంటుందని. చివరికి "బాగున్నాది బాబూ" అనేశారు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదన్న మర్యాద అది, యాప్ గురించిన తీర్పు కాదు.

దాని బదులు రెండు పెట్టుకున్నాం. ఒకటి సాయం లెక్క. తనంతట తను చేస్తే సున్నా, దూరాన ఉన్నవాళ్లు మాటతో చెబితే ఒకటి, ఇంట్లోవాళ్లు మాటతో చెబితే రెండు, ఇంకొకరు ఫోన్ చేతిలోకి తీసుకుంటే మూడు. మూడు పడిన ప్రతి పనీ తరవాతి విడుదలకి ముందు సరిచేయాల్సిందే. రెండోది, "ఇప్పుడు పక్కింటి అప్పకి మీరే నేర్పండి" అని అడగడం. నేర్పేటప్పుడు ఏ మెట్టు దాటవేస్తారో, ఎక్కడ "ఇది నాకూ తెలీదు గానీ" అంటారో అక్కడే లోపం ఉంటుంది.

మూడు వారాల తరవాత అవే ఇళ్లలో, అవే వేళల్లో మళ్లీ చూశాం. ఎత్తడం, కట్ చేయడం సున్నాకి వచ్చాయి, జీడి బట్టీ చేతుల్లో సహా. అనుమతుల పని ఇంకా ఒకటి దగ్గరే ఉంది, కొడుకు మాటసాయం లేకుండా జరగట్లేదు. నెట్ తగ్గినప్పుడు కాల్ కట్ చేసి మళ్లీ చేసుకోవడం తగ్గింది.

కుదరనివి రెండున్నాయి. 60 మిల్లీసెకన్ల ప్యాకెట్లలో ఒక్కటి పోయినా చిన్న ఊలో పెద్ద ముక్క పోతుంది, కాబట్టి రాత్రి కాల్స్‌లో "ఉన్నావా" మళ్లీ పెరిగింది. చుట్టూ వెలిగే గీతే అప్పటికి దిక్కు. రెండోది ఫోన్ పట్టుకోవడం. పది నిమిషాలకి చెయ్యి నొప్పెట్టి ఫోన్ ఒడిలోకి దిగుతుంది, అవతల గడ్డం, పైకప్పు కనిపిస్తాయి. వీధి అరుగు మీద కూర్చుంటే వెనక వెలుగుకి మొహం నల్లగా వస్తుంది. దీనికి యాప్‌లో ఏమీ చేయలేకపోయాం. ఒక ఇంట్లో ఆవిడ గోడ గూట్లో చెంబు పెట్టి, దానికి ఫోన్ ఆనించి, వాకిలి వెలుగు తన మొహం మీద పడేలా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తరవాతి ఇళ్లన్నిటిలో సెషన్ మొదలుపెట్టే ముందు అదే చూపిస్తున్నాం.